సంగమ్మకు ఈత వచ్చిన ఎండాకాలం

రత్నమ్మ కొత్తకోడలిగా జహీరాబాద్‌కు వచ్చింది డెబ్బై నాలుగులో. పుట్టిల్లు బీదర్ దిక్కు, మంజీర ఒడ్డున చిన్న ఊరు. పెళ్లికి ముందు చుట్టాలందరూ ఆమెకు ఒకటే మాట చెప్పారు. "పిల్లగాడు మల్లికార్జున్ మంచోడు. చెరుకుతోట ఉన్నది, ఇంటి ముందర కిరాణ దుకాణం ఉన్నది. గని ఆడబిడ్డకు కాళ్లు రావు. జర నువ్వే అర్సుకోవాలె."

ఆ మాటతో రత్నమ్మ మనసులో ఒక మనిషిని తయారుచేసుకుంది. మంచంలో పడి ఉంటుంది, ముద్దలు కలిపి పెట్టాలి, మాట్లాడితే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది అనుకుంది.

అత్తవారింట్లో మొదటి పొద్దున ఆమెకు మెలకువ వచ్చింది ఒక గొంతుకు. దుకాణం అర్రలో ఎవరో ఎవరినో కడిగేస్తున్నారు. "నిన్న బెల్లం తీస్కపోయినవ్, ఇయ్యాల చీమలున్నయని తెచ్చినవ్. చీమలు మా ఇంట్ల ఎక్కినయా, మీ ఇంట్ల ఎక్కినయా?" రత్నమ్మ తొంగి చూసింది. గోనెపట్టా మీద కూర్చుని, తక్కెడ చేతిలో పట్టుకుని, సంగమ్మ.

మూడేళ్లప్పుడు వచ్చిన జ్వరం ఆమె రెండు కాళ్లనూ తీసుకుపోయింది. వడ్లాయన చేసిచ్చిన రెండు చెక్కలు చేతుల్లో పట్టుకుని, వాటి మీద బరువు మోపి, నడుము ఎత్తి ముందుకు వేస్తూ ఇల్లంతా తిరిగేది. ఆ పనికే భుజాలు కుస్తీ పట్టేవాళ్ల భుజాల్లా తేలాయి. ఆ రోజు గడప దగ్గర రత్నమ్మ ఆమెను ఎత్తబోతే, సంగమ్మ కళ్లెర్రజేసింది.

"నేను బియ్యం బస్తానా వదినా? పక్కకు జరుగు, చాలు."

సంగమ్మ రత్నమ్మ కంటే రెండేళ్లు పెద్దది. అయినా అన్న పెళ్లాం కాబట్టి వదినా అనే పిలిచేది, పిలుస్తూనే పెద్దరికం చేసేది. వారం తిరగకముందే వదినను వెంటేసుకుని రిక్షాలో సినిమాకు పోయింది. పెళ్లి భోజనాలు, జాతర్లు, ఎవరింట్లోనో పురుడు, దేన్నీ వదిలేది కాదు. ఎవరైనా అయ్యో పాపం అంటే, "నీ మోకాళ్ల నొప్పి ఎట్లున్నది?" అని తిరిగి పరామర్శించేది.

ఆ ఏడే ఎండాకాలం అల్లం విత్తనం పెట్టడానికి అందరూ చేనుకు పోయారు. సంగమ్మ కూడా ఎడ్లబండిలో వచ్చి, చెట్టు నీడన కూర్చుని అల్లం కొమ్ములు విరుస్తోంది. మధ్యాహ్నం నీళ్లు చేదుతుంటే బొక్కెన తాడు తెగి బాయిలో పడింది. పాత కాలపు మెట్ల బాయి అది. మగవాళ్లు ఎవరూ దగ్గర లేరు. రత్నమ్మ చీర కాసెపోసి కట్టుకుని, ఎవరినీ అడగకుండా దూకింది. బొక్కెనతో పైకి వచ్చేసరికి మెట్ల మీద సంగమ్మ కూర్చుని ఉంది. చెక్కలు ఒడ్డునే వదిలేసి, ఒక్కొక్క మెట్టూ కూర్చుని జారుకుంటూ దిగింది.

"నాకు నేర్పు," అంది.

"ఏంది?"

"ఈత. ఇంకేంది?"

రత్నమ్మ బొక్కెన మెట్టు మీద పెట్టింది. "అత్తమ్మకు తెలిస్తే నన్ను ఇంట్ల ఉండనిస్తదా?"

"తెలిసినంక ఫికర్ చేద్దాం."

మర్నాటి నుంచి మొదలైంది. నడుముకు రెండు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, పొట్ట కింద చెయ్యి పెట్టి రత్నమ్మ పట్టుకునేది. మొదటి రోజు సంగమ్మ బాయి సగం తాగింది. దగ్గి దగ్గి, ముక్కులోంచి నీళ్లు కారుతుంటే, "మళ్ల పట్టుకో," అంది. ఆమె చేతుల్లో బలం ఎంతుందో నీళ్లలో తెలిసింది. ఒక్క బార వేస్తే మనిషి ఆ దరికి పోయేది. సన్నటి కాళ్లు బరువు లేక వెనకాల చెరుకాకులా తేలి వచ్చేవి.

బుర్రలు విప్పిన రోజు ఇద్దరూ బాయి నడుమ ఎదురెదురుగా తేలుతున్నారు. సంగమ్మ వదిన ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఏం జూస్తున్నవ్?"

"నీ ముక్కు మీద పుట్టుమచ్చ ఉన్నదని నాకు తెల్వదు వదినా. ఇన్నొద్దులు నీ మోకాళ్లతోనే మాట్లాడిన."

రత్నమ్మ నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆడబిడ్డతో మాట్లాడాలంటే ముందు కింద కూర్చోవడం ఆమెకు అలవాటైంది.

చేనులో జరిగే గుట్టు ఎన్నాళ్లు దాగుతుంది? ఒకనాడు అత్త మహాదేవమ్మ సద్ది గంప దించి నేరుగా బాయి దగ్గరకు వచ్చింది. పై మెట్టు మీది నుంచి ఒక్క అరుపు అరిచింది. "రత్నమ్మా! నా పిల్లను సంపుతున్నవా?"

రత్నమ్మ గబగబా ఈది మెట్టు పట్టుకుంది. సంగమ్మ మాత్రం వెల్లకిలా తిరిగి, చేతులు బార్లా చాపి, నీళ్ల మీద నిశ్చలంగా పడుకుంది. జుట్టంతా చుట్టూ పరుచుకుంది. మహాదేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్టు మీద కూలబడింది. బిడ్డ ఎవరి చెయ్యీ, ఏ చెక్కా లేకుండా ఉండటం ఆమె చూడటం అదే మొదలు. చాలాసేపటికి లేచి, "తల మీద గిన్ని నీళ్లు వడ్తే సర్ది చెయ్యదా? నూనె రాసుకోని దిగున్రి," అని వెళ్లిపోయింది. మరునాడు నూనె గిన్నె తనే తెచ్చింది.

తర్వాత రెండు మూడు ఎండాకాలాల్లో మధ్యాహ్నం పూట ఆ బాయి ఆడవాళ్లదైపోయింది. మల్లికార్జున్ మగవాళ్లను గట్టు దగ్గరే ఆపేసేవాడు. కూలికి వచ్చిన ఆడపిల్లలకు ఈత నేర్పేది సంగమ్మే. కసిరేది, తిట్టేది, భయపడి ఏడిస్తే మెడ కరుచుకోనిచ్చి బాయి చుట్టూ తిప్పేది.

సంబంధం కూడా ఆ పేరుతోనే వచ్చింది. కోహీర్ దగ్గర అల్లం పండించే చంద్రప్పకు భార్య పోయి రెండేళ్లైంది, పిల్లలు లేరు. ఈత నేర్పే పిల్ల మాట ఎవరో చెబితే విని చూడటానికి వచ్చాడు. మహాదేవమ్మ ఒకటే బెంగ పడుతోంది, వంట ఎలా, ఇల్లు ఎలా అని. చంద్రప్ప వాటి గురించి ఏమీ అడగలేదు. అడిగింది సంగమ్మే.

"మీ చేన్ల బాయి ఉన్నదా?"

"ఉన్నది. గని మెట్లు లేవు."

"మెట్లు కట్టియ్యున్రి. తర్వాత ముహూర్తం మాట్లాడుకుందాం."

మల్లికార్జున్ తల పట్టుకున్నాడు. చంద్రప్ప మాత్రం నవ్వుకుంటూ పోయి, ఆ చలికాలం రాళ్లు తెప్పించి పని మొదలుపెట్టాడు. కూర్చుని దిగేవాళ్లకు మెట్ల ఎత్తు సరిపోవాలని కొలతకు మళ్లీ వచ్చి అడిగి వెళ్లాడు. అప్పుడే అతను సంగమ్మకు నచ్చాడని రత్నమ్మ గట్టిగా చెప్పేది. డెబ్బై తొమ్మిదిలో పెళ్లయింది.

కాన్పుకు అందరూ భయపెట్టారు. దవాఖానలో కోసి తీశారు, ఆడపిల్ల. మహాదేవమ్మ అప్పటికి బతికి లేదు. పిల్లను మొదట ఎత్తుకున్నది రత్నమ్మ. సంగమ్మ మత్తులోనే, "కాళ్లు జూసినవా?" అంది. రత్నమ్మ పిల్ల పాదం తెచ్చి ఆమె బుగ్గకు ఆనించింది. ఆ పాదం తన్నింది. ఎన్నడూ కళ్లనీళ్లు పెట్టుకోని సంగమ్మ ఆ రోజు ఏడ్చింది, ఏడుస్తూనే ఆకలవుతోందని చెప్పింది.

ఎనభై ఆరు వానాకాలంలో సంగమ్మకు కామెర్లు వచ్చాయి. పసరు పోశారు, దవాఖానకు తిప్పారు. నిలవలేదు. ముప్పై నాలుగేళ్లు కూడా నిండలేదు. వాళ్ల ఆచారం ప్రకారం కూర్చోబెట్టి చేనులోనే సమాధి చేశారు. దినాలకు ఎక్కడెక్కడి నుంచో ఆడవాళ్లు వచ్చారు, చంటిపిల్లలను చంకనేసుకుని. వాళ్లు ఎవరో చంద్రప్పకు తెలియదు. ఈత నేర్పుతూ సంగమ్మ తమను ఎలా తిట్టేదో ఒకరిని మించి ఒకరు చెబుతుంటే, ఏడుస్తున్న ఇంట్లో నవ్వులు పుట్టాయి. ఎవరూ తప్పు పట్టలేదు.

రత్నమ్మ నెలకోసారి బస్సెక్కి కోహీర్ పోయేది. సంగమ్మ బిడ్డ బస్వమ్మ, అయిదేళ్ల పిల్ల, బస్సు దిగగానే కొంగు పట్టుకునేది. "అత్తా, మా అమ్మ మంచిగుండెనా?" అని అడిగేది.

"మంచిగనా? మిరపకాయ బజ్జీలు నాకు ఒక్కటి మిగల్చకపోతుండె," అనేది రత్నమ్మ. చంద్రప్ప అరుగు మీది నుంచి, "నాకైతే వాసన గూడ దక్కలే," అనేవాడు. పిల్ల పకపకా నవ్వి ఇంకోటి చెప్పమనేది. చెప్పేటప్పుడు రత్నమ్మకు దుఃఖం రాకపోలేదు. కానీ తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, వచ్చే నెల చెప్పడానికి మరొకటి గుర్తొచ్చి తనలో తనే నవ్వుకునేది.