ఎవరి ముందర చెప్పినాడు

సిరుగుప్ప బస్టాండులో బళ్ళారి బస్సు కోసం కూర్చుని, మర్నాడు చెప్పాల్సిన మూడో తరగతి పాఠం పైకి చదువుకుంటున్నాను. అప్పుడు నేను కొత్త పంతులును. పక్కన రవికకు అద్దాలు కుట్టుకుంటున్న లంబాడీ ముసలామె సూది ఆపింది.

"మా పేరు వినబడె. మళ్ళా చదువప్పా."

"లంబాడీలు పనీపాటా లేక ఊరూరా తిరిగేవారు," అని చదివాను.

"హౌదు, తిరిగినాం. ఎద్దులమింద ఉప్పు మోసుకొచ్చి మీ ఊర్లకు పోసినాం. అది రాసినాడా, ఈ పుస్తకం రాసినాయప్ప?"

"లేదమ్మా."

ఆమె ఆ వాక్యం మీద సూదిమొన ఆనించింది.

"మా తాండాలో మా కత చెప్పేటోడు పెద్దలందరి ముందర చెప్పల్ల. తప్పు చెప్తే ఆడికాడికే ఆపుతాం. ఈయప్ప ఎవరి ముందర చెప్పినాడు?"

నా జవాబుతో ఆమెకు పని లేదు. తలవంచి మళ్ళీ కుట్టుకోసాగింది.

మర్నాడు ఆ పాఠం చెప్పలేదు. బడికి దగ్గరున్న తాండాకు కబురు పెట్టి, పెద్దలు వచ్చి గోడవారన కూర్చున్నాకే పుస్తకం తెరిచాను.

మొదటి వాక్యానికే ఆపారు.