రేకుల గుడిసెలో ఆదివారాలు

భిలాయి-3 దాటాక మాకు కొంచెం పొలం ఉంది. మావారు ఉక్కు ప్లాంటులో రిటైరయ్యాక అక్కడ వరి పండిస్తూనే ఇంకో పని పెట్టుకున్నారు. చలికాలం ఆదివారాల్లో స్కూలు పిల్లలను పిలిపించి, ప్లాంటు కట్టేనాటికి ఇక్కడ జనం ఎలా బతికారో ఆడి చూపించడం. గట్టు పక్కన రేకుల గుడిసె వేయించారు. పొలంలో పనిచేసేవాళ్లు ఖాకీ చొక్కాలు తొడుక్కుని, సైకిళ్లకు టిఫిన్ క్యారియర్లు తగిలించుకుని డ్యూటీకి వెళ్లినట్టు వెళ్లేవారు. మావారు మైకులో హిందీలో కథ చెప్పేవారు. గుడిసెలో బొగ్గుల కుంపటి ముందు మా అత్తమ్మ కూర్చునేది.

ఆమెకు వేషం అక్కర్లేదు. విజయనగరం వైపు పల్లె నుంచి కొత్త కోడలిగా వచ్చి, క్వార్టర్ దొరికేదాకా అలాంటి గుడిసెలోనే కాపురం చేసింది. ఆ మాట మైకులో వినగానే పిల్లలు చప్పట్లు కొట్టేవారు. కుంపటి రాజేసి, అన్నం వార్చి, షిఫ్టు అయినట్టు సైరన్ మోగాక గుమ్మంలో నిలబడి మొగుడి కోసం ఎదురుచూడాలి. అదీ ఆమె భాగం.

నేను వారమంతా స్కూల్లో పాఠాలు చెప్పి, ఆదివారం చీకటితోనే లేచి, వచ్చిన పిల్లలందరికీ బియ్యప్పిండి చీలాలు, అంటే ఇక్కడి అట్లు, పోసేదాన్ని. మధ్యాహ్నానికి నడుము నాది కాదనిపించేది.

ఒక ఆదివారం రెండు బస్సులు వచ్చాయి. రెండో ఆట అయిపోయాక ఒక టీచరు, ఫోనులో వీడియో సరిగ్గా రాలేదని, అమ్మాజీని ఇంకొక్కసారి చేయమని అడిగింది. మావారు సరేనన్నారు. అత్తమ్మ ఆరిపోయిన కుంపటిని మళ్లీ రాజేసింది. పొగకు దగ్గుతూనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

బస్సులు వెళ్లాక కాళ్లు కడుక్కుని నులకమంచం మీద కూర్చుంది. మావారు టీ గ్లాసు చేతికిచ్చి, ఈ రోజు చాలా బాగా చేశావమ్మా అన్నారు.

"ఇంక నాను సెయ్యన్రా" అంది.

ఒంట్లో బాగోలేదా అని ఆయన కంగారు పడ్డారు.

"ఒంటికేటి, బాగానే ఉంది. ఆ గుడిసెలో ఉన్నన్నాళ్లూ, ఎప్పుడు బయటపడతామా అనే సూసీదాన్ని. బయటపడ్డాను గదా. మల్లీ నన్ను అందులోకెందుకు తోల్తన్నావు?"

అమ్మకు ఇదంతా ఇష్టమనే ఆయన ఇన్నాళ్లూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. గ్లాసులో టీ చల్లారిపోయింది. వేడి చేసి తెస్తానంటే వద్దంది.

తర్వాతి ఆదివారానికి అప్పటికే ఒక స్కూలుకు మాటిచ్చి ఉన్నారు. ఆయన నావైపు చూశారు. అత్తమ్మ నేత చీర కట్టుకుని కుంపటి ముందు నేను కూర్చున్నాను. ఆ చలికాలమూ, దాని తర్వాతి చలికాలమూ ఆ గుమ్మంలో నిలబడింది నేనే. నేను పుట్టింది ఇక్కడే, ఫ్యానూ కుళాయీ ఉన్న క్వార్టర్లో. అయినా పొగ కళ్లలో పడినప్పుడు వచ్చే నీళ్లు మాత్రం నిజమైనవే. చీలాలు పోయడానికి పక్క ఊరి దీదీని పెట్టుకున్నాం. అత్తమ్మ వరండాలో కూర్చుని బఠాణీలు వలుచుకునేది. గుడిసె వైపు తల తిప్పేది కాదు.

కిందటి డిసెంబరులో ఒక ఆదివారం సైరన్ మోగింది. నేను లేవబోతే మోకాళ్లు లేవనివ్వలేదు. పిల్లలు ఇదీ ఆటలో భాగమే అనుకుని చూస్తున్నారు. మావారు మైకు కింద పెట్టి లోపలికి వచ్చారు. అన్నం గిన్నె దించి, చెంబుతో నీళ్లు తెచ్చి నిప్పుల మీద పోసేశారు.

"చాల్లే, లే" అని చెయ్యిచ్చారు.

బయటికి వెళ్లి, గుడిసె ఆట అయిపోయింది, ఇక ఎడ్లతో దుక్కి చూద్దాం రండి అని పిల్లలను పొలంలోకి తీసుకెళ్లారు. ఆ తర్వాత గుడిసె ఆట మళ్లీ పెట్టలేదు. స్కూళ్లవాళ్లు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. దుక్కీ, నాట్లూ, నూర్పిడీ చూపిస్తామంటే కొందరు వస్తామంటున్నారు, కొందరు మళ్లీ చెబుతామంటున్నారు.

ఆ రోజు చీర మార్చుకుని వరండాలోకి వెళితే, అత్తమ్మ మంచం మీద కాస్త జరిగి చోటిచ్చింది. పిల్లల కేకలు పొలంలోంచి వినిపిస్తూనే ఉన్నాయి. నేను ఆమె పక్కన నడుము వాల్చి, ఎవరూ లేపకుండా సాయంత్రం దాకా నిద్రపోయాను.