శనివారం తేదీ వేసిన జాబితా

ఆ పరిశోధన కేంద్రంలో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. అందరికీ ఆవిడ రిజిస్టరమ్మ. ఇరవై రెండేళ్ల కిందట లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే కౌంటరు దగ్గర చేరింది. ఆ కౌంటరు ఎత్తేశాక ఆవిణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తోచక, కింది అంతస్తులోని మిషన్ల గదికి పంపారు.

"అక్కడా అంతేనమ్మా, ఎవరొచ్చారు, ఎవరు పోయారు రాసుకోవడమే" అన్నాడు అప్పటి ఆఫీసరు.

అది పూర్తిగా నిజం కాదు, అలాగని అబద్ధమూ కాదు. ఆ గదిలో నాలుగు ఇనుప బీరువాలున్నాయి. బీరువాకి పదకొండు చొప్పున నలభై నాలుగు కంప్యూటర్లు, అన్నీ కలిసి ఒకే పెద్ద లెక్కని పంచుకుని చేస్తాయి. వాటన్నిటికీ పెద్దగా ఓ మిషను గుమ్మం పక్కన విడిగా ఉంటుంది. ఇక్కడ పనిచేసుకునే హక్కు ఎవరెవరికి ఉందో ఆ జాబితా పెద్ద మిషను దగ్గరే ఉంటుంది. కొత్తవాళ్లు చేరితే అందులో పేరు ఎక్కించాలి, వెళ్లిపోయినవాళ్లది తీసెయ్యాలి. గంటకోసారి ఆ జాబితా నకలు నలభై నాలుగింటికీ వెళ్తుంది. ఆ నకళ్లు పంపే ప్రోగ్రాం కూడా రిజిస్టరమ్మే రాసింది. ఎవరూ నేర్పలేదు. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని ఓ చేత్తో తింటూ, ఇంకో చేత్తో పుస్తకం తిప్పుతూ, రెండేళ్లలో తనే నేర్చుకుంది.

ఆ మంగళవారం పొద్దున్న పిల్లల గుండె డాక్టరు వచ్చింది. పెద్దాసుపత్రిలో పనిచేసే మనిషి, మాట తక్కువ. ఓ నాలుగేళ్ల పాప గుండెకి ఆపరేషన్ చెయ్యాలి. ఏ గొట్టం ఎటు కలిపితే నెత్తురు ఎలా పారుతుందో ముందుగా లెక్క కట్టి చూసుకోవాలి. శుక్రవారం పొద్దుటికల్లా ఫలితం కావాలి. డాక్టరు పేరు ముందురోజే జాబితాలో ఎక్కించారు. కానీ లెక్క మొదలుపెట్టిన ప్రతిసారీ నిమిషం తిరక్కుండానే ఆగిపోతోంది.

"ఏమని చెప్తోందండీ?" అడిగింది రిజిస్టరమ్మ.

"ఈ పేరుగలవాళ్లు ఎవరూ లేరంటోంది. నిన్న మీరేగా పేరు రాసింది?"

"నేనే రాశాను. కూర్చోండి, చూద్దాం."

ఈలోగా డైరెక్టరు దిగొచ్చాడు. మంచివాడే గానీ, నీళ్లు కాగేదాకా కూడా ఆగలేని మనిషి. "అన్నీ ఒకసారి ఆపేసి మళ్లీ మొదలుపెట్టండమ్మా, అదే దారికొస్తుంది" అన్నాడు.

"ఆపితే మాస్టారి లెక్క పోతుంది సార్."

మాస్టారంటే నదుల వరదల్ని అంచనా వేసే పెద్దాయన. ఆయన లెక్క తొమ్మిది రోజులుగా ప్రతి మిషను మీదా కొంత కొంత నడుస్తోంది. ఇంకో మూడు రోజుల్లో పూర్తవుతుంది. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. ఆయన రోజూ పొద్దున్నే వచ్చి, గాజు తలుపులోంచి మిషన్ల పచ్చదీపాల్ని ఓసారి చూసుకుని వెళ్లిపోతుంటాడు.

"మరి పాప సంగతి?" అన్నాడు డైరెక్టరు.

"సాయంత్రం అయిదింటిదాకా టైమివ్వండి సార్. అప్పటికీ నావల్ల కాకపోతే మీరు చెప్పినట్టే చేద్దాం."

డైరెక్టరు డాక్టరు వైపు చూశాడు. ఆవిడ గడియారం చూసుకుని, సరేనన్నట్టు తలూపింది.

రిజిస్టరమ్మ నకళ్లు పంపే ప్రోగ్రాంని మళ్లీ నడిపించింది. నలభై నాలుగింటికీ పని సవ్యంగా అయిందని తెర మీద చూపించింది. ఇంకొకరైతే అక్కడితో నమ్మేవాళ్లేమో. లైబ్రరీలో ఉండగా, పుస్తకం అరలోనే ఉందని కార్డు చెప్పినా, లేచి వెళ్లి అర చూసొచ్చేది ఆవిడ. ఇప్పుడూ అదే చేసింది. తెల్లకాగితం మీద నలభై నాలుగు గీతలు గీసి, ఒక్కొక్క మిషన్లోకీ వెళ్లి, జాబితాలో ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టి రాయడం మొదలుపెట్టింది. నూట ముప్పై ఆరు, నూట ముప్పై ఆరు, నూట ముప్పై ఆరు... మూడు బీరువాలు అయిపోయేసరికి మధ్యాహ్నం దాటింది. డబ్బా విప్పనే లేదు.

నాలుగో బీరువాలో మొదటి మిషను నూట ముప్పై రెండంది. రెండోదీ అంతే. పదకొండింటికి పదకొండూ అంతే. కొత్తగా చేరినవాళ్ల పేర్లేవీ అక్కడికి చేరలేదు.

ఎందుకు చేరలేదు? తీగలు బాగానే ఉన్నాయి. చోటూ ఖాళీగానే ఉంది. చివరికి ఆ పాత జాబితాల తేదీలు చూసింది. చూసి, కళ్లజోడు తీసి పమిటచెంగుతో తుడుచుకుని, మళ్లీ చూసింది. పదకొండింటి మీదా శనివారం తేదీ ఉంది. అది గడిచిన శనివారం కాదు, ఇంకా రావలసిన శనివారం.

ఆ మిషన్లని ఇప్పుడు టైమెంత అని అడిగితే సరిగ్గానే చెబుతున్నాయి. రిజిస్టరమ్మ తన నోటు పుస్తకం వెనక్కి తిప్పింది. పది రోజుల కిందట కరెంటు పోయింది. తిరిగొచ్చాక నాలుగో బీరువా అన్నిటికంటే ముందు లేచింది, అన్నిటికీ సరైన టైము చెప్పే మిషను ఇంకా లేవకుండానే. అప్పుడు ఆ పదకొండింటి గడియారాలూ పధ్నాలుగు రోజులు ముందున్నాయి. గంటలోపే సర్దుకున్నాయి గానీ, సరిగ్గా ఆ గంటలోనే జాబితా నకలు వాటికి అందింది, దాని మీద ఆ తప్పు తేదీ పడిపోయింది.

అంతవరకూ అర్థమయ్యాక ఆవిడ చేతులు కీబోర్డు మీద కాసేపు ఆగిపోయాయి. తరవాతి సంగతి ఆవిడకి చూడకుండానే తెలుసు. అయినా ప్రోగ్రాం తెరిచి చూసింది. ఎనిమిదేళ్ల కిందట తనే రాసిన ఓ వరస అందులో ఉంది: అవతల ఉన్న జాబితా ఇంతకంటే కొత్తదైతే దాన్ని ముట్టుకోవద్దు. పని తొందరగా తెములుతుందని అలా రాసింది. శనివారం తేదీ ఉన్న పాత జాబితా ముందు మంగళవారం వచ్చిన కొత్త జాబితా పాతదైపోయింది. డైరెక్టరు చెప్పినట్టు అన్నీ ఆపి మళ్లీ లేపినా, ఆ తేదీ అలాగే ఉండేది. మాస్టారి లెక్క మటుకు గంగలో కలిసేది.

ఆవిడ ఆ వరస కొట్టేసింది. జాబితా మళ్లీ పంపింది. పదకొండింట్లోకీ వెళ్లి పేర్లు లెక్కపెట్టింది. నూట ముప్పై ఆరు. "ఇప్పుడు చూడండి" అని డాక్టరుకి చెప్పింది.

లెక్క మొదలైంది. నిమిషం గడిచింది, అయిదు నిమిషాలు గడిచాయి, ఆగలేదు. డాక్టరు రిజిస్టరమ్మ భుజం మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడింది. అప్పటికి నాలుగూ పది.

ఇంటికెళ్లాక ఆవిడ ముభావంగా ఉండటం చూసి భర్త పక్కన కూర్చున్నాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. కంప్యూటర్ల సంగతి ఆయనకి ఓ ముక్క తెలియదు, భార్య మొహం మాత్రం బాగా తెలుసు.

"పని కాలేదా?"

"అయిందండీ. తప్పు నాదని తేలింది. ఇదివరకు కూడా రెండుసార్లు కరెంటు పోయాక ఎవరెవరో లోపలికి రాలేకపోతున్నామన్నారు. నాలుగు రోజులకి అదే సర్దుకునేది. నేను వాళ్లే పాస్‌వర్డ్ తప్పు కొడుతున్నారనుకున్నాను. వాళ్లతో అన్నాను కూడా."

"ఇప్పుడెవరికైనా తెలుసా?"

"ఎవరికి తెలుస్తుంది? ఆ ప్రోగ్రాం చదివేది నేనొక్కదాన్నే."

"బండి గోడకి రాసుకుంటే డిపోలో నేనే వెళ్లి చెప్పేవాణ్ణి. చెప్పేదాకా అన్నం సహించేది కాదు. అంతకంటే నాకేం తెలుసు?"

లోపల్నించి అత్తగారు కేకేసింది. "తప్పు చేసింది అది, పస్తులుండేది నువ్వట్రా? ఇద్దరూ లేచి రండి, చల్లారిపోతున్నాయి."

రిజిస్టరమ్మకి నవ్వొచ్చింది. లేచి వెళ్లి కడుపునిండా తింది.

మర్నాడు మీటింగులో డైరెక్టరు అందరి ముందూ ఆవిణ్ణి మెచ్చుకున్నాడు. ఆవిడ ఆఖరిదాకా విని లేచింది. "సార్, పట్టుకున్నది నేనే, ముందు పాడుచేసిందీ నేనే" అని, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఇదివరకు లోపలికి రాలేకపోయిన ఇద్దరూ అక్కడే ఉన్నారు. వాళ్ల వైపు తిరిగి, "మీరు పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టారు. అప్పుడు మీ మాట నమ్మలేదు, ఏమీ అనుకోకండి" అంది. డైరెక్టరు కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. "ఇన్నేళ్లలో ఈ గదిలో ఇలాంటి మాట విన్లేదమ్మా" అని మాత్రం అన్నాడు.

గుండె లెక్క గురువారం రాత్రికే తేలింది. ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టరు సోమవారం ఫోన్ చేసి చెప్పింది. మాస్టారి లెక్క కూడా అనుకున్న రోజుకే పూర్తయింది. రోజూ పొద్దున్నే నలభై నాలుగు మిషన్లనీ నీ దగ్గర ఎన్ని పేర్లున్నాయని అడిగి, తేడా వస్తే కేకేసే చిన్న ప్రోగ్రాం ఒకటి రిజిస్టరమ్మ రాసి పెట్టింది. అయినా తెర మీద మాటని ఊరికే నమ్మదు, వారానికోసారి తనే వెళ్లి లెక్కపెడుతుంది.

ఆ మీటింగైన రెండు రోజులకి కరెంటు మేస్త్రి మిషన్ల గది తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అమ్మా, ఆ రోజు టైము చెప్పే మిషను స్విచ్ నేనే మర్చిపోయి ఆఖర్న వేశాను. ఎవరూ అడగలేదు కదాని చెప్పలేదు. మీరు అందరి ముందూ మీ మీద వేసుకున్నారని తెలిసినప్పట్నుంచీ మనసు మనసులో లేదు."

"నీకు ఏది ముందు వెయ్యాలో ఎవరైనా చెప్పారా?"

"లేదమ్మా."

"మరి నీ తప్పెలా అవుతుంది? రా, కూర్చో. ఏది మొదట, ఏది తరవాత అన్నది ఇద్దరం కలిసి రాసి గోడకి అంటిద్దాం. నువ్వు చెప్పు, నేను రాస్తాను."

అతను చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చాడు.