జపాను బజారులో దారి తెలియని మనిషి

నా చిన్నప్పుడు మేం కువైత్‌లో, హవల్లీలో ఉండేవాళ్ళం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఆవిడకు మధ్యాహ్నం డ్యూటీ పడినప్పుడల్లా నన్ను పక్కింటి అక్క దగ్గర వదిలేది. అక్కది కడప వైపు. పొద్దున ఒక కువైతీ ఇంట్లో వంట చేసి మధ్యాహ్నానికి వచ్చేసేది.

ఒకరోజు అక్క ఒక పటం తెచ్చి గోడకు తగిలించింది. తను పనిచేసే ఇంటి మామా, అంటే యజమానురాలు, ఇల్లు సర్దుతూ ఇచ్చేసిందట. చెక్క మీద చెక్కి, రంగు పూసి, కాగితం మీద అద్దిన జపాను బొమ్మ. అందులో వాన పడుతున్న బజారు. వాన అంటే సన్నటి నల్ల గీతలు. కాగితపు గొడుగులు, ఎత్తు చెక్క చెప్పులు, కావడి మోసే మనిషి, మేడ కిటికీలో తల దువ్వుకుంటున్న ఆవిడ, ఎవరి గొడుగు కిందికో దూరిన కుక్క. వీళ్ళెవరు, ఎక్కడికి పోతున్నారు, ఆ కావడిలో ఏముంది అని నేను అక్క ప్రాణం తీసేదాన్ని.

అక్క చపాతీ పిండి కలుపుతూ, "నాకేం తెల్సు పాపా? ఆ బజార్లో ఒగరు మాత్రం దావ తెలీక నిలబడుకోనుండారు. ఎవరో కనుక్కో చూద్దాం" అంది.

ఇక నాకు అదే పని. కావడి మనిషి అంటే, "ఎట్ల తెల్సు నీకు?" అనేది. మళ్ళీ చూస్తే ఆయన అడుగు ముందుకు పడే ఉంది, ఆయనకు దారి తెలుసు. అలా ఒక్కొక్కరినే వదిలేస్తూ వచ్చాను. చివరికి కొట్టు పక్కన మూట పట్టుకున్న ఒక పిల్ల దగ్గర ఆగాను. కాళ్ళు ఒక వైపు, ముఖం ఇంకో వైపు.

అక్క పిండి చేతులతోనే వచ్చి చాలాసేపు చూసింది. "అవునే పాపా! నువ్వు గమ్మున కూర్చుంటావని ఊరికే అంటి. నిజంగానే ఉండాదే!" అని పగలబడి నవ్వింది.

తర్వాత కొన్నాళ్ళకు, ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం, బాల్కనీలోంచి కింద ఒక అమ్మాయిని చూశాను. నాలుగడుగులు అటు వేసి ఆగుతోంది, మళ్ళీ ఇటు తిరుగుతోంది. అక్కను పిలిచాను. ఎవరి కోసమో నిలబడి ఉంటుందిలే అంది అక్క. నేను ఒప్పుకోలేదు. ఆ అమ్మాయికి దారి తెలియడం లేదని చెప్పి, అక్క చెయ్యి పట్టుకుని కిందికి లాక్కెళ్ళాను.

అక్క తెలుగులో పలకరించగానే ఆ అమ్మాయి ఏడ్చేసింది. రాయచోటి దగ్గర పల్లె నుంచి కొత్తగా పనికి వచ్చిందట. "చెత్త పారేసొద్దామని దిగితినక్కా. అన్ని మిద్దెలూ ఒగే మాదిరి ఉండాయి. ఇంటి నంబరు కూడా తెలీదు. పారిపోయినాననుకొని, వీసా ఇచ్చిన కఫీల్ కేసు పెడితే నా గతేం?"

అక్క చుట్టూ ఉన్న మిద్దెల వంక చూసింది. నేను ఉండబట్టలేక, మీ వంటింటి కిటికీలోంచి ఏమేం కనిపిస్తాయని అడిగాను. ఆ అమ్మాయి కళ్ళు మూసుకుంది. మసీదు మినార్ సగం, దాని కింద నీలం తలుపుల దర్జీ కొట్టు కనిపిస్తాయంది. ఆ రెండూ ఒకేసారి కనిపించే చోటు కోసం ముగ్గురం సందు సందూ తిరిగాం.

దొరికింది. గేటు ముందు ఆ ఇంటి మామా నిలబడి రోడ్డు అటూ ఇటూ చూస్తోంది. అమ్మాయిని చూడగానే గుండె మీద చెయ్యి వేసుకుంది. అరబ్బీలో గబగబా ఏదో అంటూ ఆ పిల్ల భుజం చుట్టూ చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయింది. "కారు కింద పడిందేమోనని భయపడిందంట పాపా" అని అక్క నాకు చెప్పింది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. బజారులో ఎవరైనా అటూ ఇటూ చూస్తూ నిలబడితే ఈనాటికీ దాటి పోలేను. దగ్గరికెళ్ళి ఎక్కడికమ్మా, ఎక్కడికి బాబూ అని అడుగుతాను. చాలాసార్లు వాళ్ళు బస్సు కోసమే నిలబడి ఉంటారు, ఈ ముసలామెకెందుకన్నట్టు చూస్తారు. చూడనీ. అడిగాకే నా దారిన నేను వెళ్తాను.