నాలుగు అంచులూ చూసే ఉమాపతన్న

ఉమాపతన్న చేతికి ఫోటో ఇస్తే అందులో ఎవరున్నారో, ఏముందో ముందు చూడడు. చూపుడు వేలితో ఫోను అద్దం మీద పై అంచు, కుడి అంచు, కింది అంచు, ఎడమ అంచు వరసగా తడుముతాడు. ఆ తడమడంలో ఫోటో జారిపోయి పక్కనున్న ఫోటో వచ్చేస్తుంది. ఒకసారి నా ఫోనులో అట్లాగే జారి, కాలి ఆనె డాక్టరుకు చూపించడానికి తీసుకున్న ఫోటో వచ్చింది. ఆయన దాన్ని కూడా శ్రద్ధగా చూశాడు.

"వెలుతురు బాగుండాదప్పా రాఘవులూ. కానీ బొటనవేలు సగానికి తెగిపోయిండాది చూడు."

టీ కొట్టులో ఉన్నవాళ్ళంతా పడి పడి నవ్వారు. నేను మాత్రం ఆనె చూపించుకోవడానికి మళ్ళీ ఫోటో తీసుకున్నాను. ఈసారి బొటనవేలు పూర్తిగా వచ్చింది.

ఆయన వేలికి ఆ అలవాటు పనిలో వచ్చింది. వేలూరు దగ్గర మా ఊరు గుడియాత్తంలో లుంగీలు నేసే షెడ్డులో ఆయనది మడత పని. నేసిన గుడ్డ బల్ల మీదికి రాగానే అంచును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగుతాడు. ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ నేత వదులయిందో వేలికి తెలిసిపోతుంది. బాగున్నదాన్ని మడత పెడతాడు, బాగాలేనిదాన్ని పక్కన వేస్తాడు. ముప్పై ఏళ్ళుగా అదే పని.

నేను మార్కెట్టులో లారీలు దించుతాను. ఉల్లిగడ్డల లోడు రెండు దించితే మెడ ఒక పక్కకే తిరుగుతుంది. ఆదివారం సాయంత్రం మాత్రం ఎంత నొప్పి ఉన్నా మా ఊరి నెల్లూరుపేటలో ధర్మలింగం టీ కొట్టుకు పోతాను. అక్కడ మేము ఐదారుగురం చేరతాం. ఎవరి దగ్గరా పెద్ద కెమెరా లేదు, ఫోనులే. ఆ వారం తీసిన ఫోటో ఒకటి చూపించాలి. ఫోను చేతులు మారుతుంది. చూసిన ప్రతి ఒక్కరూ ఒక మంచి, ఒక లోపం చెప్పాలి. లోపం చెప్పకుండా ఫోను పక్కవాళ్ళకు ఇవ్వకూడదు. ఈ పద్ధతి పెట్టింది ఉమాపతన్నే.

ఆకుకూరలు అమ్మే మునియమ్మక్క మేకలను తప్ప దేన్నీ తీయదు. ఆటో నడిపే హేమనాథ్ పొద్దు పొడవడం తప్ప తీయడు. నావన్నీ మూటల మీద నిద్రపోయే మనుషులు. నాకు కుదిరే చోటు అదే, వాళ్ళు కదలరు కూడా.

"అక్కా, మేక బాగుండాది. రెండో చెవి యాడ?" అంటాడు ఉమాపతన్న.

"ఈగ వాలింది, ఇదిలించుకునింది."

"చెవి వచ్చేదాకా నిలబడల్ల గదా."

"నీకేమప్పా, లుంగీ చెవులు ఇదిలించదు!"

ఇట్లా సాగుతుంది. ఎవరూ ముఖం ముడుచుకోరు. ఆయన చెప్పాక మా ఫోటోలు బాగుపడ్డాయి. తలలు తెగడం తగ్గింది. కరెంటు స్తంభాలు మనుషుల నెత్తి మీద మొలవడం మానుకున్నాయి. కానీ ఈ మూడేళ్ళలో ఆయన తన ఫోటో ఒక్కటీ చూపించలేదు. అడిగితే "ఇంకా రావల్ల" అనేవాడు.

మొన్న చలికాలంలో, వేలూరులో స్టూడియో నడిపే మా ఊరివాడు దినకర్ మా ఫోన్లకు ఒక మాట పంపించాడు. తన స్టూడియో ముందు అద్దాల పెట్టెలో ఎప్పుడూ పెళ్ళి ఫోటోనే ఉంటుందట. ఈ నెల మా గుంపు ఫోటో ఒకటి పెద్దది చేసి పెడతాడట. ఏది పంపాలో మేమే తేల్చి ఆ పై వారం గురువారం సాయంత్రంలోగా పంపాలి.

ఆ ఆదివారం టీ తాగి ఇంటికి నడుస్తుంటే ఉమాపతన్న నా పక్కన చేరాడు.

"రాఘవులూ, ఈ సారి నాది పెట్టల్లని ఉండాది."

"పెట్టన్నా. ఎవరు వద్దంటారు?"

"ముప్పై ఏండ్లు ఇంకొకరు నేసిందే చూస్తి. ఇది బాగుండాది, అది బాగలేదు అంటి. నాది అని ఒక్కటన్నా నలుగురు నిలబడి చూడల్ల కదప్పా." ఆ మాట చెప్పి, చెప్పినందుకు సిగ్గుపడ్డట్టు గబగబా ముందుకు నడిచాడు.

తరువాతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఫోను మా మధ్య బెంచీ మీద పెట్టాడు.

వీధి పొడవునా సాగదీసిన పడుగు. నెయ్యడానికి ముందు నూలు పోగులను వీధిలో చాచి, గంజి పెట్టి ఆరబెడతారే, అది. ఎరుపు, నీలం పోగులు గీత గీసినట్టు నేరుగా పోతున్నాయి. పక్కన గోడలు రెండూ సమానంగా ఉన్నాయి. ఆకాశం శుభ్రంగా ఉంది. నాలుగు అంచుల్లో ఎక్కడా ఒక ఆకు కొస కూడా తెగలేదు.

"సూపరన్నా" అన్నాడు హేమనాథ్.

"లోపం?"

"ఏమీ లేదన్నా."

ఫోను నా చేతికి వచ్చింది. ఏదో తక్కువగా ఉందని నాకు తోచింది. కానీ ఆ ఇస్త్రీ చొక్కా, ఆ కళ్ళు చూశాక నోరు రాలేదు. "సూపరన్నా" అన్నాను నేను కూడా. టీ వడకట్టుకుంటూనే ధర్మలింగం మెడ చాచి చూసి, "సూపర్" అన్నాడు.

ఉమాపతన్న ముఖం వాడిపోయింది.

"ఏందప్పా ఇది? మీ ఫోటోలకంతా నేను ఉన్నది ఉన్నట్టు చెప్తి. నాకు మాత్రం సుమ్మా, ఊరికే సూపరు చెప్పి పంపిస్తారా? నేనేమన్నా పెళ్ళికొడుకునా?"

అప్పటికి ఫోను మునియమ్మక్క చేతిలో ఉంది. ఆమె దాన్ని దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది.

"అంచు బాగుండాది నాయనా. అట్లాంటి అంచు మా ఎవరికీ రాదు" అంది. "లుంగీ యాడ?"

"ఏమక్కా?"

"నాలుగు పక్కలా అంచు ఉండాది. నడాన ఏమీ లేదే! ఆ ఈదిలో పొద్దున పది మంది ఉంటారు. కొట్లాడతా ఉంటారు, నవ్వతా ఉంటారు. వాళ్ళంతా యాడికి పోయిరి?"

ఉమాపతన్న తల గోక్కున్నాడు. "అడ్డం వస్తా ఉన్యారని... పక్కకు పొమ్మంటి."

"అందరినా?"

"ఒక కుక్క ఉండె. దాన్ని కూడా."

మొదట హేమనాథ్ నవ్వాడు. తరువాత ధర్మలింగం నవ్వాడు. నేను నవ్వు ఆపుకోబోతే ఉమాపతన్నకే నవ్వు వచ్చేసింది. కానీ ఫోను జేబులో పెట్టుకుని తొందరగానే లేచి వెళ్ళిపోయాడు. ఆయనకు కోపమొచ్చిందేమో, ఇంక ఏదీ పంపడేమో అని నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు. దినకర్‌కు పంపాల్సిన గురువారం దగ్గరికొస్తోంది.

మంగళవారం మధ్యాహ్నం నా ఫోనులో ఆయన గొంతు వినిపించింది. "రేపు తెల్లారి సుగంతి వాళ్ళ ఈదిలో పడుగు చాస్తారు. నువ్వు రా. అక్కను కూడా పిలుచుకుని రా. మీరు లేకపోతే నేను మళ్ళీ కుక్కను తరుముతా."

బుధవారం పొద్దున్నే లారీ ఒకటి దించి, ఒళ్ళు కడుక్కోకుండానే అక్కను పిలుచుకుని పోయాను. సుగంతి నేతపని చేసే మనిషి, నోరు పెద్దది. ఆమె, ఆమె అత్త, ఇద్దరు మగవాళ్ళు పడుగుకు గంజి పెడుతున్నారు. ఉమాపతన్న ఫోను పైకెత్తి, అలవాటు చొప్పున రెండో చెయ్యి ఊపాడు.

"అమ్మా, కొంచెం పక్కకు..."

"నువ్వు పో పక్కకు!" అని మునియమ్మక్క అరిచింది.

ఆయన వెనక్కి జరిగాడు. ఇంకొక అడుగు జరిగాడు. చూపు ఫోనులోనే ఉంది. మూడో అడుగు గంజి బానలో పడింది, మోకాలి దాకా.

వీధంతా ఒక్కసారి గొల్లుమంది. సుగంతి పడుగు మీదికి వంగిపోయి, చేతిలో తెగిన పోగు అట్లాగే పట్టుకుని, నోరంతా తెరిచి నవ్వుతోంది. "ఏం మామా, నీకు కూడా గంజి పెట్టుకుని ఆరబెట్టల్లా?"

ఉమాపతన్న కాలు బయటికి తీయలేదు. గంజిలోనే నిలబడి నొక్కాడు.

తరువాత ఒక అరుగు మీద కూర్చుని ముగ్గురం చూశాం. సుగంతి నవ్వు, ఆమె అత్త సగం కోపం, సగం నవ్వు, మధ్యలో ఎరుపు నీలం పోగులు. అయితే ఫోటో వంకరగా వచ్చింది. కుడి పక్కన నా మోచెయ్యి అడ్డంగా దూరింది.

"నీ చెయ్యి కోసేస్తా" అన్నాడు ఉమాపతన్న.

"కొయ్యన్నా. నొప్పి పుట్టేది కూడా ఆ చెయ్యే."

ఆయన ఫోటోను ఆ పక్క కోసి చూశాడు. నా మోచెయ్యితో పాటు అత్త ముఖం సగం పోయింది. మళ్ళీ పెట్టాడు. వేలు కుడి అంచు మీద ఎంతసేపు ఆగిందో! పది మంది ముందు ఈ తప్పుతోనే నిలబడాలి, లేదా గీత గీసినట్టున్న ఆ పాత ఫోటో పంపాలి.

"అక్కా, నువ్వు చెప్పు."

"నేను మొన్ననే చెప్తి. ఫోటో నీది, నువ్వే చూసుకో."

ఆయన కాసేపు గంజి ఆరి పెళుసెక్కిన పంచెను విరుచుకుంటూ కూర్చున్నాడు. తరువాత ఎవరినీ అడగకుండా, మోచెయ్యితో సహా, దినకర్‌కు పంపేశాడు. పంపాక చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు, పంపిన ఫోటోను వెనక్కి తీసుకోకుండా.

పది రోజుల తరువాత వేలూరు పోయాం. సుగంతి కూడా పట్టుచీర కట్టుకుని వచ్చింది. అద్దాల పెట్టెలో పెళ్ళి ఫోటో లేదు. సుగంతి వాళ్ళ వీధి ఉంది, తలుపంత పొడవు. ఉమాపతన్న దగ్గరికి పోలేదు. ఎదురుగా పండ్ల బండి పక్కన నిలబడి, వచ్చీపోయేవాళ్ళను చూస్తున్నాడు. ముగ్గురు చూడకుండా పోయారు. ఆయన పెదవి తడుపుకున్నాడు.

కనియంబాడి నుంచి పాసుపోర్టు సైజు ఫోటో కోసం వచ్చిన ఒక పెద్దాయన ఆగాడు. తల వంచి చూశాడు. నవ్వు ముఖం పెట్టాడు. పెట్టె పక్కనే ఉన్న మమ్మల్ని చూసి అడిగాడు.

"ఏమప్పా, ఈ యమ్మ ఎందుకు ఇట్లా నవ్వతా ఉండాది?"

ఉమాపతన్న ఒక్క అంగలో రోడ్డు దాటాడు. "అది నేను చెప్తా అయ్యా. నేను ఎనక్కి పోతి చూడు..." అని మొదలుపెట్టి, పంచె పైకెత్తి, కాలు ఎంత లోతు దిగిందో చేత్తో చూపిస్తున్నాడు. పెద్దాయన నవ్వుతుంటే ఇంకో ఇద్దరు ఆగారు.

"మోచెయ్యి ఎవరిది?" అన్నాడు వాళ్ళలో ఒకడు. "అది లేకుంటే ఇంకా బాగుండు."

"కరెక్టుగా చెప్తివి నాయనా!" అని ఉమాపతన్న వాడి భుజం తట్టి, నా చెయ్యి పట్టుకుని ముందుకు లాగాడు. "ఇదిగో, మనిషి ఈడనే ఉండాడు. ఏం చెప్పల్లనో ఈయనకే చెప్పు."