బంగారమ్మ పడవెక్కిన ఏడు

మా కోనసీమవాళ్లకు పిలవడమంటే మహా సరదా. దారిలో ఎదురైన మనిషినల్లా భోజనానికి రమ్మంటాం. వాళ్లు "మరోసారి వస్తామండి" అంటారు. అక్కడితో ఇద్దరి మర్యాదా చెల్లిపోతుంది. ఎవరూ రారన్న ధైర్యంతోనే మేమింత ధారాళంగా పిలుస్తామని నా అనుమానం. ఒక్క బంగారమ్మ మాత్రం ఆ పిలుపు నమ్మి వెళ్లింది.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కడుతున్న రోజులవి. అంతర్వేదిలో మాఘమాసం తీర్థానికి పిల్లాజెల్లాతో వచ్చే సంసారులు దిగడానికి తాటాకు సత్రం ఒకటుండేది. ఒక ఏడు బంగారమ్మ కూడా మొగుడితో, మూడేళ్ల కొడుకుతో అందులోనే దిగింది. ఆ తీర్థంలో కలరా తగిలి రెండు రోజుల్లో ఇద్దరూ పోయారు. ఇంక ఇటు రావద్దని అత్తవారు కబురంపారు. పుట్టింట్లో ఎవరూ లేరు. ఆమె అక్కడే ఉండిపోయింది.

ఏడాదంతా కొబ్బరిపీచుతో తాళ్లు పేనుకుని బతికేది. తీర్థం రోజుల్లో మాత్రం ఎవరూ అడక్కుండానే సత్రంలో చాకిరీ చేసేది. ఇసుకలో చెలమ తవ్వి మంచినీళ్లు మోసేది, దిగినవాళ్లకు పొయ్యిలు వేసేది, తల్లులు దర్శనానికి వెళ్తే పిల్లల్ని ఎత్తుకునేది. ఏమైనా ఇవ్వబోతే పుచ్చుకునేది కాదు. పున్నమి వెళ్లిన మర్నాటికి సత్రం ఖాళీ. ఆ తరవాత ఆమెను పేరు పెట్టి పిలిచే మనిషి ఉండేవాడు కాదు. ఆ నిశ్శబ్దానికి ఆమె భయపడేది.

ఆమె తల నెరిసిన రోజుల్లో, రాజోలుకు ఎగువన ఒక ఊరినుంచి వీర్రాజు అనే రైతు, అతని భార్య కనకరత్నం ఏటా తీర్థానికి వచ్చేవారు. ఒక ఏడు సత్రంలో వాళ్ల పాపకు జ్వరం వస్తే బంగారమ్మ మూడు రోజులు ఒళ్లోంచి దించలేదు. పిల్ల గట్టెక్కింది. అప్పటినుంచి కనకరత్నం వెళ్లేటప్పుడల్లా ఆమె చేతులు పట్టుకుని అనేది. "మా యింటికి వచ్చెయ్యండి అత్తయ్యగారూ. ఒక్కరూ ఇక్కడేం ఉంటారు? అది మీ యిల్లే అనుకోండి."

నాలుగేళ్లు నవ్వి ఊరుకుంది. అయిదో ఏడు ఉన్న రెండు కుండలూ, పీచు కొట్టే కర్రా తీర్థానికి వచ్చిన ఒక బిచ్చగత్తెకు ఇచ్చేసి, మూట పట్టుకుని రేవులో వాళ్ల పడవ దగ్గరికి వచ్చింది. "వస్తానమ్మా" అంది.

మా మర్యాదలు ఆమెకు తెలియవా అంటే, తెలుసు. ఆమెదీ ఈ నేలే. కానీ ఏడాదికి పది రోజులే మనుషుల మొహం చూసేవాళ్లకు అన్నీ తెలిసి కూడా నమ్మాలనిపిస్తుంది.

మొగుడూ పెళ్లాలు ఒకరినొకరు చూసుకున్నారు. "రండి రండి, ఇలా నీడలో కూర్చోండి" అంది కనకరత్నం. కాదనడం మావాళ్లకు చేతకాదు. పడవ సముద్రపు పోటు మీద ఎగువకు సాగింది.

ఆ యింట్లో ఆమెకు జరగని మర్యాద లేదు. తొలి విస్తరి ఆమెదే. మొదటి రోజు బొబ్బట్లు, రెండో రోజు పనసపొట్టు కూర. ఆమె చీపురు పట్టుకుంటే కనకరత్నం లాక్కునేది. "అయ్యో, మీరు కూర్చోండి. చూసినవాళ్లు ఏమనుకుంటారండీ?" అంట్లగిన్నెల దగ్గరికి వెళ్తే మళ్లీ అదే మాట. బంగారమ్మ అరుగు మీద కూర్చునేది. ఒక్కసారి విసుక్కుని, ఆ నీళ్లు తెచ్చిపెట్టండి అంటే చాలని ఆమె కోరిక. అంటే ఇంటిమనిషి అయిపోయినట్టే. మూడు రోజులు చూసింది. ఎవరూ విసుక్కోలేదు.

నాలుగో రోజు భోజనాలయ్యాక కనకరత్నం పళ్లెంలో కొత్త నేతచీర, రెండు అరటిపళ్లు పెట్టి తెచ్చింది. మావైపు చుట్టాన్ని ఎవరూ పొమ్మనరు. బట్టలు పెడతారు. అంతే.

బంగారమ్మ ఆ చీర వంక కాసేపు చూసింది. పళ్లెం అందుకుని, "నేనూ అదే అనుకుంటన్నానమ్మా. అక్కడ పనులన్నీ పడున్నాయి" అంది.

"అప్పుడేనా అత్తయ్యగారూ? ఇంకో నాల్రోజులు ఉండకూడదా అండీ?"

"మరోసారి వస్తానమ్మా" అంది బంగారమ్మ.

వీర్రాజు రేవుదాకా మూట మోసుకొచ్చి, జాగ్రత్తగా దింపమని పడవవాడు పోలిరాజుకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. చెడ్డవాళ్లని ఎలా అనగలం? నాకు మాత్రం ఇప్పటికీ వాళ్లమీద కోపమే.

పడవ మలుపు తిరిగాక పోలిరాజు తెడ్డు వేస్తూ ఆమె ఒళ్లోని కొత్తచీర చూశాడు.

"కూతురింటికి వచ్చేరా అండీ?"

"ఆయ్, కూతురేనండి. ఉండిపొమ్మని ఒకటే పోరు. నేనే ఉండలేనని చెప్పి వచ్చేసేను."

"అదృష్టవంతులండి" అన్నాడు పోలిరాజు.

"ఆయ్" అంది బంగారమ్మ.