వంపు అవతల నిలబడే పిల్లకు వాకీటాకీ

నా భార్య పోయాక చర్చివాళ్లతో కలిసి పెట్టిన ఆదరణ కూటం అయిన మర్నాడే నేను ఆఫీసుకు వెళ్లిపోయాను. ఇంట్లో చేసే పనేమీ లేదు. ఫిల్మ్‌నగర్‌లో మా ప్రొడక్షన్ ఆఫీసు మేడ మీద కూర్చుని టీ తాగుతుంటే ఒక్కొక్కరే వచ్చి భుజం మీద చెయ్యి వేసి వెళ్లారు. ఫర్వాలేదండి, ఫర్వాలేదండి అన్నాను. నిజంగానే ఫర్వాలేదనిపించింది. అదే నాకు విచిత్రంగా ఉంది. పంటి డాక్టరు మత్తు సూది వేశాక చెంప మనది కానట్టు ఉంటుంది చూడండి, మనిషి మొత్తం అలా ఉన్నాను.

కూటం కూడా షూటింగు నడిపినట్టే నడిపాను. షామియానా ఎప్పుడొస్తుంది, మైకు ఎవరు పెడతారు, పాస్టరుగారికి కారు వెళ్లిందా, భోజనాలు ఎంతమందికి. ప్రొడక్షన్ మేనేజరుగా ఇన్నేళ్లు చేసిన పని కదా, చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. పాస్టరుగారు ఓదార్పు వాక్యం చదువుతుంటే నేను వెనక నిలబడి జనరేటరులో డీజిలు సరిపోతుందా అని ఆలోచించాను. మా దూరపు చుట్టం ఒకావిడ నన్ను చూసి, "ఎంత గుండె నిబ్బరమమ్మా ఈయనది" అంది. నిబ్బరమూ కాదు, గాడిదగుడ్డూ కాదు. లోపల ఏమీ లేదు, అంతే.

మా అమ్మాయీ అలాగే ఉంది. మాకు ఒక్కతే కూతురు. చదువయ్యాక సినిమాల్లో దర్శకత్వ శాఖలో చేరతానంటే నేను వద్దన్నాను, వాళ్లమ్మ సరే అంది. మా ఇంట్లో వాళ్లమ్మ మాటే చెల్లేది. అలా మా కంపెనీ తీస్తున్న చిన్న సినిమాకే ఆఖరి అసిస్టెంటుగా చేరింది. కృష్ణానగర్‌లో మాది రెండు గదుల వాటా. ఒక గదిలో గ్లాసు కింద పెడితే రెండో గదిలో వినిపిస్తుంది. అలాంటి ఇంట్లో దాని ఏడుపు నేను ఒక్కసారి కూడా వినలేదు. ఆసుపత్రిలో లేదు, సమాధుల దగ్గర లేదు, ఇంటికొచ్చాకా లేదు. అన్నీ తండ్రి పోలికే అన్నారు బంధువులు. కావచ్చు అనుకున్నాను. తిన్నావా అంటే తిన్నాను, వెళ్తున్నావా అంటే వెళ్తున్నాను, ఇవే మా మధ్య మాటలు.

ఆ సినిమాకు మన్యం అడవిలో కొన్నాళ్ల పని పడింది. పెద్ద యూనిట్టు కాదు, నాలుగు బళ్లలో సరిపోయేంతమంది. కథానాయకుడు కొండ రోడ్డు మధ్యలో ఒంటరిగా నడిచి వెళ్తుంటాడు, కెమెరా వెనకే వెళ్తుంది. అది ప్రభుత్వ రోడ్డు, వెదురు లారీలు తిరిగే రోడ్డు. కాబట్టి షాటు నడిచేంతసేపు రెండు వైపులా మనుషులు నిలబడి బళ్లను ఆపాలి. దాన్ని మేం రోడ్ లాక్ అంటాం. ఒక వైపు తిన్నటి రోడ్డే, పేచీ లేదు. రెండో వైపు కొండ వంపు. అక్కడ నిలబడ్డవాళ్లకు కెమెరా కనపడదు, కెమెరాకు వాళ్లు కనపడరు. ఆ వంపు దగ్గరికి మా అమ్మాయి పేరు రాశారు. వాళ్లు రాయడం కాదు, తనే అడిగిందట.

మా లోకంలో ఎవరూ అడగని కోరిక అది. కృష్ణానగర్‌లో ఏ గది తలుపు తట్టినా లోపలుండేది దర్శకుడు షాటు చూసుకునే మానిటరు పక్కన నిలబడాలని కలలు కనే మనిషే. దర్శకుడి కంట్లో పడితే చాలని కుర్చీ మోసేవాళ్లున్నారు, గొడుగు పట్టేవాళ్లున్నారు. నా కూతురు మాత్రం దర్శకుడికి కనపడనంత దూరం అడిగి తీసుకుంది.

ఆ సాయంత్రం అన్నం దగ్గర అడిగాను. "అంత దూరం ఎందుకే? కో-డైరెక్టరుతో నేను మాట్లాడతాను, మానిటరు దగ్గరే ఉండు."

"వద్దు నాన్నా. నేనే అడిగి తీసుకున్నా."

"ఒక్కదానివే నిలబడాలి అక్కడ. ఫోన్ సిగ్నలు కూడా ఉండదు."

"తెలుసు నాన్నా. అన్నం తిను, చల్లారిపోతోంది."

అచ్చం వాళ్లమ్మ గొంతే. దాన్ని విన్నప్పుడు ఏదో ఒకటి అనిపించాలి కదా అనుకున్నాను. ఏమీ అనిపించలేదు. అన్నం తిన్నాను.

ఇక నా చేతిలో మిగిలింది ఒక్కటే. లొకేషనుకు వాకీటాకీలు ఎంచే పని నాదే. ఆ వంపు అవతలినుంచి పిల్ల పిలిస్తే ఇవతల నాకు వినపడాలి. దేవుడు ఆ మధ్య నేను అడిగినవేవీ ఇవ్వలేదు, ఇది మాత్రం ఆయన్ని అడగదలచుకోలేదు, నేనే చూసుకుంటాననుకున్నాను.

మా సందు చివర లైట్లు, ట్రాలీలు, వాకీలు కిరాయికిచ్చే షాపుంది. షాపాయన పాత పరిచయం. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "అన్నా, వదిన సంగతి తెల్సింది. మస్తు బాధైంది" అన్నాడు. ఫర్వాలేదన్నాను. ఆ మాట కోసమే కాచుకున్నట్టు వెంటనే కౌంటరు కింద నుంచి నిగనిగలాడే సెట్టొకటి తీశాడు.

"గిది చూడన్నా, కొత్తగొచ్చింది. సిమ్ము ఏస్తె సాలు, గీడికెల్లి ఢిల్లీ దాంక మాట్లాడొచ్చు."

"ఢిల్లీతో నాకేం పనయ్యా? కొండ అవతలి వంపుతో నాకు పని. అక్కడ టవరే లేదు."

"టవర్ లేకుంటె గిది డబ్బనే" అని మళ్లీ కింద పెట్టేశాడు. అబద్ధాలాడే మనిషి కాదు, అమ్ముకునే మనిషి, అంతే.

తర్వాత చిన్న సెట్లు చూపించాడు. అరచేతిలో ఇమిడిపోతాయి, లైసెన్సు అక్కర్లేదు. "లైసెన్స్ ఫికర్ లేదు, బ్యాటరీ ఫికర్ లేదు" అన్నాడు. మధ్యలో గుట్ట అడ్డమొస్తే ఏంటి సంగతి అన్నాను. "గుట్ట అడ్డమొస్తె గుట్టనే గెలుస్తదన్నా" అని నవ్వాడు. మైదానంలో క్రికెట్టు ఆడించడానికి అవి చాలు. శాటిలైటు ఫోను గురించి అడిగితే మాత్రం నవ్వలేదు. "దాని పేరెత్తకు. పర్మిషన్ లేకుంట అది పట్టుకపోతె పోలీసోళ్లు మనల్ని పట్టుకపోతరు."

చివరికి పెద్ద సెట్లకు వచ్చాం. బరువుంటాయి, అందమూ లేదు. వాటికి లైసెన్సు ఉండాలి, అది షాపు పేరు మీద ఉంది, ఆ కాగితాలు మాతో తీసుకెళ్లాలి. వీటికి తోడు రిపీటరని ఒక పెట్టె ఉంటుంది. దాన్ని గుట్ట నెత్తిన కారు బ్యాటరీకి తగిలించి పెడితే, ఒక వైపు మాట అందుకుని రెండో వైపుకు అందిస్తుంది. అంటే మాట కొండలోంచి పోనక్కర్లేదు, కొండ ఎక్కి దిగుతుంది. అవే ఇమ్మన్నాను.

ఇచ్చినంత మాత్రాన నమ్మలేదు. ఫిల్మ్‌నగర్‌లో మా ఆఫీసు మేడ మీద రిపీటరు పెట్టి, ఒక సెట్టు అమ్మాయికిచ్చి, జూబ్లీ హిల్స్ బండరాళ్ల వెనక్కి, అక్కడినుంచి దిగువకు కృష్ణానగర్ సందుల్లోకి నడవమన్నాను. నేను ఆఫీసు వెనక గోడ చాటున నిలబడ్డాను. అది నడుస్తూ చెప్పింది. "పెద్ద గేటు ఇంటి ముందున్నా, వినిపిస్తోందా?" వినిపిస్తోందన్నాను. "డ్రైవర్లు పేకాడుతున్నారు. వినిపిస్తోందా?" వినిపిస్తోంది. "ఇడ్లీ బండి దాటాను. డాన్సరమ్మాయిలు ఆటో కోసం కొట్టుకుంటున్నారు." వాళ్లమ్మ పోయాక మేం అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదటిసారి. సెట్టు బాగుందని షాపుకు ఫోను చేసి చెప్పాను.

గొడవంతా జూబ్లీ హిల్స్‌లో నిర్మాతగారి ఆఫీసులో వచ్చింది. అక్కడ లెక్కలు చూసే ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసరు ఒకతనున్నాడు, అమీర్‌పేటలో కూడా అమెరికాలో ఉన్నట్టే మాట్లాడతాడు. సెట్లు చూసి ముఖం చిట్లించాడు. "సార్, బ్లాక్ కలర్‌లో స్లిమ్‌గా ఉండేవి లేవా? మేకింగ్ వీడియోలో కనిపిస్తాయి కదా" అన్నాడు. సరే, అది వదిలేశాం. అందరికీ చెవిలో పెట్టుకునే వైర్లు కూడా కావాలన్నాను. అక్కడ ఆగిపోయాడు. "ఇయర్‌పీసులు ఎందుకు సార్? స్పీకర్ ఉందిగా?"

ఎందుకో చెప్పాలంటే మావాళ్ల జబ్బొకటి చెప్పాలి. వెనకటికి మాటలన్నీ తర్వాత థియేటరులో డబ్బింగు చెప్పుకునేవాళ్లు కాబట్టి లొకేషనులో ఎంత గోలున్నా చెల్లేది. ఇప్పుడు శబ్దం అక్కడికక్కడే రికార్డు చేస్తున్నారు. షాటు మధ్యలో ఎవడి వాకీ గరగరమన్నా వాడికి ఆ పూట తిట్లే టిఫిను. అందుకని కెమెరా తిరగడం మొదలైందని చెప్పే "రోలింగ్" అనే మాట చెవిన పడగానే యూనిట్టు యూనిట్టంతా సెట్ల గొంతు నొక్కేస్తుంది. అలవాటు ఎంత ముదిరిందంటే చేతికి తెలియకుండానే మీట తిరిగిపోతుంది. షాటయ్యాక మళ్లీ పెంచడం సగంమంది మరిచిపోతారు. మరి లారీ వచ్చేది ఎప్పుడు? షాటు నడిచేటప్పుడే కదా. అప్పుడు వంపు దగ్గరి మనిషి గొంతు చించుకున్నా వినేవాడుండడు. వైరు చెవిలో ఉంటే బయటికి శబ్దం రాదు, కట్టెయ్యక్కర్లేదు.

ఇదంతా ఓపిగ్గా చెప్పాను. "ఇంతవరకు ఏ యూనిట్‌లోనూ ప్రాబ్లం రాలేదు కదా సార్" అన్నాడతను.

"ఆ చివర నిలబడేది నా కూతురు బాబూ" అన్నాను. గొంతు పెంచలేదు. కానీ అతను నా ముఖంలో ఏం చూశాడో, "ఓకే సార్, ఓకే, తీసుకోండి" అని లాప్‌టాపు వైపు తిరిగిపోయాడు. నాకు గెలిచినట్టూ లేదు, ఓడినట్టూ లేదు.

మన్యంలో ఆ రోజు పొద్దున్నే మంచు తగ్గాక పని మొదలుపెట్టాం. గుట్ట మీద రిపీటరు, అందరి చెవుల్లో వైర్లు. వాకీల్లో మేం పేర్లు పిలుచుకోం, పనిని పిలుస్తాం. "రోడ్ లాక్ టు ప్రొడక్షన్. బళ్లేమీ లేవు. రెడీ" అని అమ్మాయి గొంతు నా చెవిలో స్పష్టంగా పలికింది. రోలింగ్ అన్నారు. అలవాటు చొప్పున మీటల మీదికి చేతులు వెళ్లడం, వైర్లు గుర్తొచ్చి ఆగడం నేను చూశాను. కథానాయకుడు నడవడం మొదలుపెట్టాడు.

అతను సగం దూరం వెళ్లాడో లేదో, చెవిలో కేక. "వెదురు లారీ! చెయ్యెత్తినా ఆగలేదు, బ్రేకులు పడట్లేదేమో, వచ్చేస్తోంది!"

"కట్! రోడ్డు వదలండి!" అని నేనే అరిచాను. కట్ అనే హక్కు దర్శకుడిది. ఆయన కుర్చీలోంచి లేచి నా వైపు తిరిగేసరికి కథానాయకుణ్ని కెమెరా మనుషులు పక్కకు లాగేశారు. మరుక్షణంలో లారీ హారను మోగిస్తూ వంపు తిరిగి మా మధ్యలోంచి దూసుకుపోయి, అవతల ఎత్తు ఎక్కలేక తనంతట తనే ఆగింది. దర్శకుడు తిట్టబోయిన తిట్టు మింగేశాడు.

"రోడ్ లాక్, నీకేం కాలేదుగా?" అన్నాను.

"లేదు. పక్కకు దూకేశాను. బానే ఉన్నా."

హమ్మయ్య అనుకున్నాను. మాటగానే అనుకున్నాను, మనసులో కదిలిందేమీ లేదు. సెట్టు పనిచేసింది, పిల్ల గొంతు వినపడింది, నా పని అయిపోయింది.

అప్పుడు చెవిలో మళ్లీ గుర్రుమంది. మాట రాలేదు. ఊపిరి వచ్చింది. తర్వాత ఏడుపు వచ్చింది. సన్నగా మొదలై, ఆపుకోబోయి, ఆగక, పెద్దదైంది. అమ్మా, అంది. అమ్మా అమ్మా అంటూనే ఉంది. చేతిలో సెట్టు గట్టిగా పట్టుకుని బటన్ మీద వేలు తియ్యడం మరిచిపోయినట్టుంది. వాకీలో ఒకరు నొక్కి ఉంచితే మిగతావాళ్లు వినడమే తప్ప బదులు చెప్పే వీలుండదు. నేను నొక్కాను, కుయ్యిమని మూసుకుపోయింది. మళ్లీ నొక్కాను. యూనిట్టంతా నా పట్టుదల కొద్దీ పెట్టించిన వైర్లు చెవుల్లో పెట్టుకుని నిలబడి ఉంది. సౌండు ఇంజనీరు తల దించుకున్నాడు. కెమెరా అసిస్టెంటు నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. ఎవరూ వైరు తియ్యలేదు.

నేను నడిచాను. వంపు తిరిగేసరికి అదే ఏడుపు ఒక చెవిలో వైరునుంచి, రెండో చెవిలో ఎదుటినుంచి వినపడింది. అమ్మాయి కల్వర్టు గోడ మీద మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. తలెత్తి నన్ను చూసింది, నా చెవిలో వైరు చూసింది, తన చేతిలో సెట్టు చూసుకుంది. వేలు తీసేసింది.

"అందరికీ వినపడిందా?"

"వినపడింది."

"నీకూ?"

"నాకూ."

చున్నీతో ముఖం తుడుచుకుంది. నేను చెవిలోంచి వైరు తీస్తుంటే ఇన్నాళ్లకు నాకూ ఏడుపొస్తోందని అర్థమైంది.

"ఇంట్లో ఏడిస్తే నీకు వినపడుద్దనే కదా నాన్నా, ఇంత దూరం అడిగి తీసుకుంది" అంది.